టయోటా హైలక్స్‌కి స్పేసర్లు వేశాక 80 కి.మీ. వేగం దాటితే స్టీరింగ్ వణుకు: సమాధానం

చక్రానికి, హబ్‌కి (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) మధ్య పెట్టే 30 మి.మీ. స్పేసర్లు వేశాక వణుకు మొదలైంది, నట్లన్నీ మళ్లీ బిగించినా పోలేదన్నారు. మీరు బిగించినవి పైకి కనిపించే నట్లు. స్పేసర్‌ను హబ్‌కి పట్టి ఉంచే ఆరు నట్లు చక్రం వెనక ఉంటాయి. చక్రం విప్పితే తప్ప వాటికి పానా అందదు. దాదాపు అందరూ మరిచిపోయేది ఇదే. అవి చూసేదాకా హైవే ఎక్కొద్దు.

1. చక్రం, స్పేసర్ రెండూ విప్పండి. స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) మరలు అరిగినా, స్పేసర్ రంధ్రాలు సాగినా మళ్లీ వాడొద్దు.

2. హబ్ ముఖం మీది తుప్పు వైర్ బ్రష్‌తో గీకేయండి. పల్చటి పొర ఉన్నా స్పేసర్ వంకరగా కూర్చుంటుంది.

3. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే స్కేలు) స్పేసర్ మధ్య రంధ్రం కొలవండి. హైలక్స్ హబ్‌కి సుమారు 106 మి.మీ. ఉండాలి. 110 వస్తే ఎంత బిగించినా వణుకు పోకపోవచ్చు, మార్చేయండి. షాపులో '6x139.7 సరిపోయింది కదా' అంటారు. అది స్టడ్ల అమరిక కొలత (ఆరు స్టడ్లు, 139.7 మి.మీ. వ్యాసం వలయంలో), మధ్య రంధ్రానిది కాదు.

4. స్పేసర్‌ను హబ్‌కి ఎక్కించి, దాని మీద స్కేలు అడ్డంగా పెట్టండి. హబ్ పాత స్టడ్ కొన స్కేలుకి తగులుతుంటే, చక్రం వెనక దానికి చోటుండాలి. లేకపోతే చక్రం ఆనదు.

5. లోపలి నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే పానా) స్పేసర్ తయారీదారు చెప్పిన లెక్కకు బిగించండి. ఇంపాక్ట్ గన్ (నట్లు బిగించే యంత్రం) వద్దు. పై నట్లకు బండి మాన్యువల్ లెక్క.

6. 100 కి.మీ. తిరిగాక చక్రం మళ్లీ విప్పి లోపలి నట్లు చూడండి.