సేవ కోర్సుకి 8,000 కట్టాలా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ప్లస్ టూ మొదటి సంవత్సరం. యువ నాయకత్వం, సేవ, ప్రపంచ పౌరసత్వం అంటూ నడిపే ఆరు వారాల ఆన్‌లైన్ ప్రోగ్రాంకి 'సెలెక్ట్' అయిందట, ఫీజు 8,000. తనేమో కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరతానంటోంది. ఏది మేలు, రేపు విదేశీ సీటుకి ఏది పనికొస్తుంది అని ప్రశ్న. చివర్లో ఒక ఫిర్యాదు: "వీధిలో ముసలాళ్ళకి ఒడియా ఫారాలు నింపుతూ టైము పాడుచేసుకుంటోంది."

అయ్యా, సేవ నేర్పమని ఎవరికో ఎనిమిది వేలు కట్టడానికి సిద్ధపడ్డారు, ఇంట్లో పిల్ల చేస్తున్న సేవ మాత్రం మీకు దండగ. మీ ఉత్తరం మీరే ఒకసారి మళ్ళీ చదువుకోండి. పింఛను కాగితం ఒడియాలో ఉంటుంది, మామ్మకి తెలుగు తప్ప రాదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా పడి ఉంటుంది. ఆ తేడా పట్టుకుని, ఎక్కడ సరిచేయించాలో కనుక్కునే పిల్లకి ఆరు వారాల్లో వాళ్ళు కొత్తగా ఏం నేర్పుతారో నాకైతే తెలియదు.

పరీక్షా ఇంటర్వ్యూ ఏమీ లేకుండా సెలెక్ట్ చేసేసి, త్వరగా డబ్బు కట్టమనే మెయిళ్ళు తల్లిదండ్రులు నాకు పంపుతూనే ఉంటారు. వాటి మీద నాకు నమ్మకం తక్కువ. సర్టిఫికెట్ మీద పదిహేడు రంగుల చక్రం ఉన్నంత మాత్రాన ఐక్యరాజ్యసమితి ఇచ్చినట్టు కాదు. అది ఐరాస పెట్టిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల గుర్తు, చాలామంది వేసుకుంటారు. ఐరాస వాళ్ళ ఆన్‌లైన్ వాలంటీరు పనికి అసలు ఫీజే లేదు, కాకపోతే 18 నిండాలి.

అమెరికా కాలేజీలకి దరఖాస్తు పెట్టడానికి వాడే కామన్ యాప్‌లో ఇలాంటి పనులు రాయడానికి 10 గళ్ళే ఉంటాయి. ఒక్కోదానికీ 150 అక్షరాల్లో వివరం, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. ఆరు వారాల కోర్సు అక్కడ ఆరు వారాలుగానే కనిపిస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్ అయితే ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు, పైగా ఏడు రోజుల క్యాంపు. (యూనిట్ బాగా నడిస్తేనే సుమా! మొక్క పక్కన ఫొటో దిగి ఇంటికి పంపేసేవీ ఉన్నాయి.) జేఈఈ, నీట్‌లకైతే రెండూ ఒక్క మార్కు కలపవు.

ఆన్‌లైన్‌ది బొత్తిగా పనికిరాదనను. వేరే దేశాల పిల్లలతో మాట్లాడించి, రాసింది దిద్ది ఇచ్చేదైతే ఇంగ్లీషు బెరుకు పోతుంది. బ్యాచ్‌లో ఎంతమంది, పాఠం లైవా రికార్డింగా, మానేస్తే డబ్బు వెనక్కిస్తారా అని అడగండి. జవాబు దాటేస్తే వదిలేయండి.

మీ అసలు భయం వేరు. బోర్డరు ఊళ్ళో, రెండు భాషల మధ్య పిల్ల ఎటూ కాకుండా పోతుందని. 2018లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఎంత దెబ్బతీసిందో చూసినవారు మీరు. అలాంటప్పుడు ఒడియా అధికారికీ, కొండ మీది సవర ఊళ్ళకీ, తెలుగు వీధులకీ మధ్య మాట అందించగల మనిషి ఎంత అవసరమో నేను చెప్పాలా? మీ అమ్మాయి వెనకబడలేదండీ, నిశ్చింతగా ఉండండి.

ఈ ఏడు ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరనివ్వండి. ఫారాల పనికి ఒక నోటుబుక్కు పెట్టుకోమనండి: తేదీ, ఏ కాగితం, ఎక్కడ ఆగింది, ఎలా తేలింది. ముసలాళ్ళ పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం అందులో రాయొద్దని చెప్పండి.