పిల్లల సైకిల్‌కి మోటార్ పెట్టొచ్చా? మా అమ్మాయితో కలిసి చేసిన అనుభవం

మీ బాబుకి పన్నెండేళ్లు, పాత సైకిల్‌కి పెట్రోల్ ఇంజన్ కిట్ బిగిద్దామని పట్టుబడుతున్నాడు, హైదరాబాద్‌లో సామాన్లు ఎక్కడ దొరుకుతాయి, అసలిది పిల్లలతో చేయదగ్గ పనేనా అని అడిగారు. చేయదగ్గ పనే. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా మేమిద్దరం అల్వాల్‌లో మా ఇంటి సెల్లార్‌లోనే కూర్చుని చేశాం. కానీ పెట్రోల్ ఇంజన్ ఆలోచన మాత్రం ఇవాళే పక్కన పెట్టేయండి.

25 సీసీ దాటిన ఇంజన్ ఎక్కిందంటే అది సైకిల్ కాదు, చట్టం లెక్కలో మోటారు వాహనం. 50 సీసీ లోపు బండి నడపాలన్నా 16 ఏళ్లు నిండాలి. 2019లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరంలో చిక్కుకుంటే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. అదంతా పక్కన పెట్టినా, కాలిపోతున్న సైలెన్సర్‌ని పిల్లవాడి పిక్క పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఎలక్ట్రిక్ సంగతి వేరు. మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. పెడల్ తొక్కితేనే సాయం చేసే రకమైతే, తొక్కడం ఆపగానే మోటార్ కూడా ఆగిపోవాలి. అయితే ఈ మినహాయింపు ప్రభుత్వం గుర్తించిన టెస్టింగ్ ఏజెన్సీ పరీక్షించి ఒప్పుకున్న మోడళ్లకి. ఇంట్లో బిగించుకున్నదానికి ఆ సర్టిఫికెట్ ఉండదు. అందుకే మా అమ్మాయి సైకిల్ కాలనీ గేటు దాటదు. ఈ షరతు పని మొదలుపెట్టకముందే తనతో చెప్పాను, ఒప్పుకున్నాకే సామాన్లు కొన్నాం. మీరూ ముందే చెప్పండి. అంతా అయ్యాక చెబితే మోసపోయినట్టు ఫీలవుతారు.

ఇక పని. మోటార్ కంటే ముందు బ్రేకుల పని చూడండి. మేం కొత్త బ్రేక్ షూలు, కేబుళ్లు వేసి, మోటార్ లేకుండానే కాలనీ రోడ్డు మీద చాక్‌పీసుతో గీత గీశాం. తను తొక్కుకుంటూ వచ్చి గీత దగ్గర బ్రేకు పట్టాలి, ఎక్కడ ఆగిందో నేను గీత గీయాలి. మెల్లగా వచ్చినప్పుడు ఒకటి, దాదాపు రెట్టింపు వేగంతో వచ్చినప్పుడు ఒకటి. ఆగే దూరం కూడా రెట్టింపవుతుందని తన అంచనా. టేపు పెట్టి కొలిస్తే దాదాపు నాలుగింతలు వచ్చింది. టేపు చివర పట్టుకుని తను చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వేగం ఎంత పెట్టాలన్న విషయంలో మా ఇద్దరి మధ్య వాదనే రాలేదు. 15 చాలు నాన్నా అని తనే అంది.

మోటార్ విషయానికొస్తే, పిల్లల సైకిల్‌కి 36 వోల్టులు, 250 వాట్ల గేర్డ్ హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే కూర్చునే, లోపల గేర్లున్న మోటార్) సరిపోతుంది. చక్రం సైజుని బట్టి వేగం మారుతుంది, అది చూసుకోండి. నిమిషానికి 200 చుట్లు తిరిగే మోటార్ 26 అంగుళాల చక్రంలో గంటకి దాదాపు 25 కిలోమీటర్లు ఇస్తుంది, 20 అంగుళాల చక్రంలో 19 దాకానే. చుట్టుకొలత కొలిచి ఈ లెక్క పిల్లలతోనే చేయించండి. బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంటు ఎంత వెళ్లాలో చూసే పెట్టెని కంట్రోలర్ అంటారు. చాలా కంట్రోలర్లలో స్పీడ్ తగ్గించడానికి ఒక జత వైర్లు విడిగా ఉంటాయి, కొనేముందు అడగండి.

వైరింగ్ మొదలుపెట్టే ముందు పిల్లలకి ఒకటి చూపించండి. హబ్ మోటార్ నుంచి పసుపు, పచ్చ, నీలం రంగుల్లో మూడు లావు వైర్లు వస్తాయి. ఏమీ కలపకుండా చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పమనండి. గేర్డ్ హబ్ ముందుకి తిప్పితే లోపలి మోటార్ కదలదు కాబట్టి వెనక్కే తిప్పాలి. తర్వాత ఆ మూడింటి కొసలు ఒకదానికొకటి తగిలించి మళ్లీ తిప్పమనండి. చక్రం బంకలో చిక్కుకున్నట్టు బరువెక్కిపోతుంది. మా అమ్మాయి వైర్లు విడదీస్తూ, కలుపుతూ, తిప్పుతూ అన్నం చల్లారిపోయేదాకా లేవలేదు. తిప్పితే మోటారే కరెంటు పుట్టిస్తుందని, ఆ కరెంటే తిరిగి చక్రాన్ని పట్టి ఆపుతుందని అప్పుడు చెబితే చాలు, మళ్లీ మర్చిపోరు. బ్యాటరీ, కంట్రోలర్ కలపకముందే చేయాలి ఇది.

ముందు చక్రంలో మోటార్ పెట్టేటట్టయితే ఫోర్క్ స్టీల్‌దై ఉండాలి. అల్లాయ్ ఫోర్క్, సస్పెన్షన్ ఫోర్క్ వద్దు. మోటార్ చక్రాన్ని ముందుకి తోసినప్పుడు ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. ఇరుసు కూర్చునే ఫోర్క్ చీలిక అరిగి ఇరుసు తిరిగిందంటే వైర్లు తెగుతాయి, చక్రమే ఊడి రావచ్చు. దాన్ని ఆపేది టార్క్ ఆర్మ్ అనే చిన్న ఇనప పట్టీ. కొనొచ్చు, కానీ మేం రాణిగంజ్‌లో మందమైన ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పట్టీ తెచ్చి చేసుకున్నాం. 12 మిల్లీమీటర్ల ఇరుసుకి రెండు వైపులా చదును చేసి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 10 రంధ్రం నేను డ్రిల్ వేశాను, దాన్ని పొడవుగా 12కి తెచ్చే పని తనది. వైస్‌లో బిగించి, ఆకురాయితో రుద్దడం, ఇరుసు మీద పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. చేత్తో నొక్కితే బిగుతుగా దిగాలి, అటూ ఇటూ ఆడకూడదు. పిల్లలకి ఇవ్వదగ్గ పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఓపిక పెడితే కళ్ల ముందే ఫలితం కనిపిస్తుంది. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

చక్రం అల్లడం మాత్రం పాత సైకిల్ మెకానిక్‌కే ఇవ్వండి. హబ్ పెద్దది కాబట్టి స్పోకులు పొట్టివి కావాలి, బెండ్ తీయడానికి అనుభవం ఉండాలి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, చూసి నేర్చుకుంటారు.

థ్రాటిల్, అంటే స్కూటర్‌లా తిప్పే యాక్సిలరేటర్, మేం అసలు పెట్టలేదు. పెడల్ సెన్సర్ పెట్టాం, తొక్కితేనే మోటార్ పలుకుతుంది. సెన్సర్‌కి దిశ ఉంటుంది, తిరగేసి బిగిస్తే పనిచేయదు. తొక్కడం ఆపాక కూడా మోటార్ ఓ క్షణం లాగుతుంది కాబట్టి, బ్రేకు పట్టగానే మోటార్‌ని ఆపేసే స్విచ్ ఉన్న లివర్లు రెండు వైపులా పెట్టండి.

బ్యాటరీ దగ్గర రాజీ పడకండి. సెల్స్ తెచ్చి ఇంట్లో ప్యాక్ కట్టడం పిల్లలతో వద్దు, మీరొక్కరే అయినా వద్దు. బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) ఉన్న తయారు ప్యాక్ కొనండి. మన ఎండలకి నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకున్నాను. బరువెక్కువ, కానీ మామూలు లిథియం అయాన్ కంటే వేడిని బాగా తట్టుకుంటుంది. ఛార్జర్ దానికి తగ్గదే ఉండాలి. పన్నెండు సెల్స్ ఉండే ఈ ప్యాక్ నిండితే 43.8 వోల్టులు, పది సెల్స్ ఉండే లిథియం అయాన్ 42. ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పెట్టొద్దు. ప్యాక్ పక్కనే ఫ్యూజ్ వేయండి. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగ్‌కి పెట్టండి, రాత్రంతా వదిలేయకండి, బయటికెళ్లే తలుపు దగ్గర పెట్టకండి. మా మొత్తం ఖర్చులో సగం దీనికే పోయింది, అయినా బాధ లేదు.

కనెక్టర్లు, ఫ్యూజులు, హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే వైరు అతుకు మీద బిగుసుకునే గొట్టం) కోఠి గుజరాతీ గల్లీలో, నట్లు, వాషర్లు, ఇనప పట్టీలు రాణిగంజ్‌లో దొరుకుతాయి. మోటార్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాం. బజారుకి బాబుని కూడా తీసుకెళ్లండి, ఏం కావాలో షాపులో తననే అడగనివ్వండి.

మీ సైకిల్ చక్రం ఎన్ని అంగుళాలో, ముందు ఫోర్క్ రెండు కాళ్ల మధ్య ఇరుసు దగ్గర లోపలి వెడల్పు ఎంతో కొలిచి రాయండి. మామూలుగా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, పిల్లల సైకిళ్లలో ఒక్కోసారి తక్కువ ఉంటుంది. అది తెలిస్తే ఏ మోటార్ పడుతుందో చెబుతాను.