ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు: సంతకానికి ముందు చూడాల్సినవి

ప్రశ్న: మాది అనంతపురం. మా అబ్బాయి నిరుడు బీటెక్ ఈసీఈ పూర్తి చేసి, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు 1,20,000. ఉద్యోగం రాకపోతే మొత్తం వాపసు ఇస్తారట. 5 వేలు కట్టి సీటు బుక్ చేశాడు, మిగతాది ఈఎంఐలు. అగ్రిమెంట్ పంపుతున్నాను. చేర్పించమంటారా? కట్టిన 5 వేలు పోయినట్టేనా?

జవాబు: అగ్రిమెంట్ మొత్తం చదివానండీ. ఇప్పుడున్న రూపంలో దాని మీద మీ అబ్బాయిని సంతకం పెట్టనివ్వకండి. కోర్సు మంచిదా కాదా అన్నది వేరే సంగతి. ముందు ఆ వాపసు హామీ సంగతి చూద్దాం, మీరు ధైర్యం చేస్తున్నది దాన్ని చూసే కాబట్టి.

ప్రకటనలో ‘ఉద్యోగం’ అని ఉంది. అగ్రిమెంట్‌లో ఆ మాటే లేదు, ‘ఆఫర్’ అని ఉంది. ఆఫర్ అంటే ఇంటర్న్‌షిప్, అప్రెంటిస్‌షిప్, కాంట్రాక్టు పని ఏదైనా సరే, జీతంతోనూ ఊరితోనూ నిమిత్తం లేదని రాసుకున్నారు. రేపు నోయిడాలో నెలకు 10 వేల స్టైపెండ్‌తో మూడు నెలల ఇంటర్న్‌షిప్ చూపించారనుకోండి. పీజీ ఖర్చుకే చాలదని మీవాడు వద్దంటే, వాళ్ల లెక్కలో వాళ్లు మాట నిలబెట్టుకున్నట్టే. అక్కడితో వాపసు హక్కు పోతుంది.

గడువు మొదలయ్యే చోటు కూడా చూడండి. ఆఫర్ చూపించడానికి వాళ్లు పెట్టుకున్న ఆరు నెలలు లెక్కపెట్టేది క్లాసులు అయిపోయిన రోజు నుంచి కాదు, చివరి ప్రాజెక్టును వాళ్లు ఆమోదించిన రోజు నుంచి. ఆమోదం ఎన్నాళ్లలో ఇవ్వాలో ఎక్కడా లేదు. లైవ్ క్లాసులకు 90 శాతం హాజరు ఉండాలి, వారానికి 15 దరఖాస్తులు వాళ్ల పోర్టల్ నుంచే పెట్టాలి, గడువు తీరిన 15 రోజుల్లోపు మెయిల్‌లో క్లెయిమ్ చేయాలి. జ్వరమొచ్చి ఒక వారం తప్పినా అనర్హుడే. ఎంత శ్రద్ధగా చదివే పిల్లవాడికైనా వీటన్నిటినీ ఏడాది పాటు తప్పకుండా పాటించడం కష్టం. అన్నీ పాటించినా 18 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఫీజు పట్టుకునే ఇస్తారు. కాబట్టి ‘మొత్తం వాపసు’ అన్న మాట అక్కడే తేలిపోయింది.

నాకు ఎక్కువ భయంగా ఉన్నది ఈఎంఐ గురించి. సంస్థ మీకు ఇస్తున్న వెసులుబాటు కాదది, వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. ఫీజు సంస్థకు ముందే చేరిపోతుంది. కోర్సు నచ్చక మానేసినా, వాపసు గొడవ తేలకపోయినా మీ ఖాతా నుంచి వాయిదా కట్ అవుతూనే ఉంటుంది. ఆపేస్తే మీ అబ్బాయి సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, మీరు కో-అప్లికెంట్‌గా సంతకం పెడితే మీదీ. యాప్‌లో ఇచ్చే ఇలాంటి అప్పులకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు ఉన్నాయి. వడ్డీ, ఛార్జీలన్నీ ఒకేచోట చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలి. అప్పు తీసుకున్నాక మనసు మార్చుకోవడానికి ఇచ్చే కూలింగ్ ఆఫ్ గడువులోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. ఆ గడువు ఒక్క రోజే ఉండొచ్చు. అందుకే ఓటీపీ చెప్పే ముందే ఆ కాగితం అడిగి తీసుకోమనండి.

అప్పు ఇంకా మంజూరు కాలేదన్నదే నాకు ఊరట. ఇక 5 వేల సంగతి. చేరడం లేదని, బుకింగ్ సొమ్ము తిరిగివ్వమని ఈరోజే మెయిల్ పెట్టించండి. ఫోన్‌లో కౌన్సెలర్ ఏం చెప్పినా దాన్ని మెయిల్‌లో రాసివ్వమనండి. ప్రకటన, వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ప్రకటనలో గొప్పగా చెప్పిన మాటను కింద చిన్న అక్షరాల్లో కాదనకూడదని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి కాబట్టి అవి పనికొస్తాయి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వివాదాలకు గురుగ్రామ్ కోర్టులే దిక్కని అగ్రిమెంట్‌లో ఉందని హడలిపోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ అబ్బాయి నివాసం ఉన్నచోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

చదువు ఆగాల్సిన పని లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ వాళ్ల ‘పైథాన్ ఫర్ డేటా సైన్స్’ నాలుగు వారాల కోర్సు ఉంది, పాఠాలు ఉచితం. ముందు అది చేయమనండి. ఆసక్తి నిలబడితే, ఆ సంస్థలోనే గత బ్యాచ్‌లో చదివినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో తనే వెతికి మాట్లాడనివ్వండి, సంస్థ ఇచ్చిన నంబర్లతో కాదు. వాపసు హామీ అసలు లేదనుకున్నా ఆ పాఠాలకు 1,20,000 పెట్టొచ్చని వాళ్లు చెబితే, అప్పుడు ఇద్దరూ కూర్చుని ఫీజు గురించి మాట్లాడుకోండి. అప్పు లేకుండా, విడతలుగా నేరుగా సంస్థకే కట్టే వీలుందేమో ముందు అడగండి.