పన్నెండో చెట్టు ఎప్పుడూ గట్టు పక్కదే

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నాలుగెకరాల జీడిమామిడి తోటలో 20 వరుసలు, వరుసకు 12 చెట్లు. చిగుళ్ల రసం పీల్చే టీ దోమ పురుగు ఎంతుందో చూద్దామని పడమటి నుంచి లెక్కపెడుతూ ప్రతి పన్నెండో చెట్టూ చూశాను. సగటున 34 శాతం చిగుళ్లు దెబ్బతిన్నాయి. ఏ చెట్టు చూసినా 30–38 మధ్యే. తూర్పు గట్టున వేపచెట్లున్నాయి. ఈ లెక్క నమ్మి తోటంతా మందు కొట్టొచ్చా?

జవాబు: ఒక్క పూట ఆగండి. మీ పన్నెండో చెట్టు ప్రతి వరుసలోనూ తూర్పు గట్టు పక్కదే. అంటే 240 చెట్ల తోటలో ఒక్క అంచే చూశారు. టీ దోమ వేప మీదా బతుకుతుంది కాబట్టి అక్కడ ఉధృతి ఎక్కువుండొచ్చు. అంకెలన్నీ దగ్గరగా వచ్చాయని మీకు ధైర్యం కలిగింది, నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఒకే గట్టు పక్క చెట్లు ఒకేలా ఉంటాయి మరి!

ఇన్ని చెట్లకొకటి అని చూడటం మంచి పద్ధతే. పక్కపక్క చెట్లు ఒకేలా ఉండే తోటలో చీటీలేసి ఎక్కడపడితే అక్కడ చూసినదానికన్నా మామూలుగా నయం. చిక్కల్లా, ఒక్కసారే తిరిగితే పొరపాటు ఎంతో సరిగ్గా తేలదు.

అందుకే నాలుగు విడతలుగా చూడండి. చెట్లకు వరుస వెంబడి వరుసగా 1 నుంచి 240 దాకా నంబర్లు వేయండి. 1–40 అంకెల చీటీల్లో నాలుగు తీయండి. 7 వస్తే 7, 47, 87... అలా 207 దాకా ఆరు చెట్లు. మిగతా మూడింటికీ అంతే. 40 అంటే మూడు వరుసలు దాటి నాలుగు చెట్లు జరిగినట్టు, కాబట్టి గట్టు దగ్గరే చిక్కుకోరు. చెట్టుకు నాలుగు దిక్కులా 13 చొప్పున 52 చిగుళ్లు చూసి, నల్లబడి ఎండినవి లెక్కపెట్టండి.

నాలుగు విడతల సగటులు 12, 18, 14, 20 శాతం వచ్చాయనుకుందాం. మొత్తం సగటు 16. దానితో ఒక్కోదాని తేడాను వర్గం చేసి కూడితే 40. నాలుగు మూళ్లు 12తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 1.8. విడతలు నాలుగే కాబట్టి, దానికి గణాంక పట్టికలో ఉండే 3.18తో గుణిస్తే దాదాపు 6. అంటే నష్టం 10–22 శాతం మధ్య ఉందని నూటికి 95 పాళ్లు నమ్మొచ్చు. ఒకేచోట విడివిడి నమూనాలు తీసి పోల్చే ఈ ఉపాయం గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో వాడినదే.

ఇప్పటికే చూసిన 20 చెట్ల లెక్క పారేయకండి. కొత్త సగటులో మాత్రం కలపొద్దు. లోపల నష్టం తక్కువని తేలితే ముందు ఆ గట్టు వెంబడి చెట్ల సంగతే చూడాలి.