పదో తరగతి స్నేహితుడితో మాట్లాడితే హాయిగా ఉంటోంది... ఆ తర్వాతే గుండె దడ!

ప్రశ్న: నా వయసు 39. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పెళ్లయి 17 ఏళ్లు. మా ఆయన అవసరానికి తప్ప మాట్లాడరు, మాట్లాడితే ఎత్తిపొడుపే. నా జీతం పడే అకౌంటు ఏటీఎం కార్డు కూడా ఆయన దగ్గరే. మా టెన్త్ బ్యాచ్ సమ్మేళనంలో చిన్నప్పటి స్నేహితుడు కలిశాడు. అప్పటి నుంచి రోజూ ఫోన్, వాట్సాప్. మాట్లాడినంతసేపూ హాయిగా ఉంటుంది. పెట్టేశాక తప్పు చేస్తున్నానేమోనని దడ. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. ఒంటిగంట దాటినా నిద్ర రాదు. మెడికల్ షాపులో అడిగి రెండు నెలలుగా ఆల్ప్రాజోలామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా. ఒక్కోసారి ఎందుకు బతకాలి అనిపిస్తుంది. ఈ స్నేహం మానేస్తే ఇవన్నీ తగ్గుతాయా?
– ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: స్నేహం మానేసినంత మాత్రాన ఇవి తగ్గవమ్మా. ఆ సంగతికి వచ్చేముందు, 'ఎందుకు బతకాలి' అని రాశారే, దాని గురించి మాట్లాడాలి. ఆ ఆలోచన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోందా, లేక ఎలా చనిపోవాలి అన్నంత దూరం వెళ్తోందా? రెండోదైతే ఇవాళే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ అక్కకో చెల్లికో, మీరు నమ్మిన మరొకరికో ఇచ్చేసి, ఏ రోజు మాత్ర ఆ రోజు తీసుకోండి. ఆ ఆలోచన బలంగా ఉన్న రాత్రి ఒంటరిగా పడుకోవద్దు.

నిద్రలేమి, బరువు తగ్గడం, బతుకు మీద విరక్తి రెండు వారాలకు మించి ఉన్నాయంటే డిప్రెషన్‌ను అనుమానించాలి. అయితే దడ, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం – ఈ మూడూ థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినప్పుడు కూడా వస్తాయి. అంతా మనోవ్యథేనని మీకు మీరే తేల్చేసుకుంటే ఆ జబ్బు బయటపడదు. కాబట్టి ముందుగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, ఒక ఈసీజీ చేయించండి. దడతో పాటు ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా ఆందోళన అనుకుని ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఆ ఆల్ప్రాజోలామ్ గురించి గట్టిగా చెప్పాలి. కొద్ది వారాలకే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. మీరు ఇప్పుడు 'దడ' అంటున్నదాంట్లో కొంత, రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం పగటికి తగ్గిపోవడం వల్ల కూడా కావచ్చు. అలాగని ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, వణుకు పుడుతుంది, అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి. రోజు విడిచి రోజు వేసుకోవడమూ పనికిరాదు, ఆ మందు శరీరంలో అంతసేపు నిలవదు. డాక్టరు పర్యవేక్షణలో వారానికో రెండు వారాలకో కొంచెం చొప్పున మోతాదు తగ్గిస్తూ రావాలి.

డిప్రెషన్ అని తేలితే సాధారణంగా ఎస్సిటాలోప్రామ్ లాంటి మందును 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10కి పెంచుతారు. మొదటి వారం వికారం, తలనొప్పి, కాస్త కంగారు ఉండొచ్చు. 'ఈ మందు నాకు పడలేదు' అని చాలామంది నాలుగో రోజే ఆపేసేది అందుకే. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. మొదట్లో చావు ఆలోచనలు పెరిగితే మాత్రం అప్పుడే డాక్టరుకు చెప్పాలి. ఇది కూడా షాపులో అడిగి కొనుక్కునే మందు కాదు.

ఇక స్నేహం. అది మీ జబ్బు కాదు, జబ్బుకు మందూ కాదు. పదేళ్లకూ పాతికేళ్లకూ మధ్య జ్ఞాపకాలు మనిషిలో గట్టిగా నాటుకుంటాయి. ఆ రోజుల్లో ఎరిగినవాళ్లు ముద్దుపేరుతో పిలిస్తే ప్రాణం లేచొస్తుంది. పైగా ఆయనకు మీ ఇంటి కరెంటు బిల్లు తెలియదు, మీకు ఆయనింటి అప్పులు తెలియవు. అందుకే ఆ అరగంట అంత తేలిగ్గా గడుస్తుంది. దాన్ని చూసి 'ఈయనతో అయితే బతుకంతా ఇలాగే ఉండేది' అనుకుంటే అక్కడే లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి. మెసేజ్‌కు ఒకసారి వెంటనే, ఒకసారి ఆరు గంటల తర్వాత జవాబు వస్తుంటే మనసు ఫోన్‌కు కట్టుబడిపోతుంది. ఎప్పుడొస్తుందో తెలియని జవాబు కోసమే ఎక్కువ ఎదురుచూస్తాం. ఒంటిగంటకు మీరు మేల్కొని ఉండటంలో దాని వంతు ఎంతో మీకే తెలుసు.

రెండు వారాలు ఒక పని చేయండి. ఆ స్నేహితుడితో మాట్లాడే ముందు, మాట్లాడిన గంటకు, మర్నాడు పొద్దున – మనసు ఎలా ఉందో 0 (బాగా దిగులు) నుంచి 10 (బాగా హాయి) వరకు అంకె వేసుకోండి. పొద్దుటికి కూడా కాస్త మెరుగ్గా ఉంటే ఆ స్నేహం మీకు ఆసరా. గంటలో 8కి వెళ్లి, తెల్లారేసరికి మునుపటికంటే కిందికి పడిపోతుంటే అది వ్యసనం దారి పట్టింది. ఈలోగా ఫోన్లు వారానికి రెండు మూడుకు, అదీ పగటిపూటకు తగ్గించండి. నోటిఫికేషన్లు ఆపేయండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ వేరే గదిలో పెట్టండి. మాటల్లో సగానికి పైగా మీ ఆయన మీద ఫిర్యాదులే అయితే బరువు దిగినట్టు ఉంటుంది గానీ ఇంట్లో ఏదీ మారదు. ఆ మాటలు కౌన్సెలర్‌కు చెప్పండి, స్నేహితుడికి వేరే కబుర్లు ఉంచుకోండి. అలాగే ఒక్క ఆయనే కాకుండా ఆ బ్యాచ్‌లోని ఆడ స్నేహితులతోనూ మళ్లీ కలవండి. బరువంతా ఒక్క మనిషి మీద మోపితే ఆ స్నేహమూ నిలవదు.

ఇంట్లో భయం లేకపోతే, డిప్రెషన్‌కు వైద్యం మొదలై రెండు మూడు నెలలయ్యే దాకా పెళ్లి విషయంలో పెద్ద నిర్ణయం వద్దు. మీ ఆయనతో ఒకే విషయం, పది నిమిషాలు, ఆయన అలసిపోని వేళ మాట్లాడి చూడండి. 'మీరెప్పుడూ ఇంతే' అన్నారంటే మాట అక్కడితో తెగిపోతుంది. 'ఈ నెల నుంచి నా కార్డు నా దగ్గర ఉంచుకుంటాను' అని ఒక్కటే అడగండి. ఆయన ఒప్పుకుంటే ఇద్దరూ కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చు. కొట్టడం, బెదిరించడం ఉంటే జంట కౌన్సెలింగ్ వద్దు, అక్కడ చెప్పిన మాటకు ఇంట్లో శిక్ష పడుతుంది. ఈ స్నేహం సంగతి కూడా అప్పుడు ఇంట్లో బయటపెట్టకండి. మీ జీతాన్ని మీకు అందకుండా చేయడం 2005 గృహహింస నిరోధక చట్టం కింద ఆర్థిక హింసే. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే, హింసకు గురైన మహిళలకు సాయపడే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు.

సైకియాట్రిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఆ అంకెల కాగితం, మాత్రల స్ట్రిప్, రక్తపరీక్షల రిపోర్టులు తీసుకెళ్లండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చూపించుకోవచ్చు. డాక్టరు మీ ఆయనకు చెప్పేస్తారేమోనన్న భయం వద్దు. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు మాత్రం కాపాడటానికి కావాల్సినంత వరకే చెబుతారు. ఈ స్నేహం విషయం కూడా దాచకుండా అక్కడ చెప్పండి.