కలకత్తా పెద్ద మర్రి చూడ్డానికి వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: జనవరి ఆఖర్లో కలకత్తా వెళ్తున్నామండీ. హౌరా వైపున్న బొటానికల్ గార్డెన్లో పెద్ద మర్రిచెట్టు చూడాలని మా అమ్మకి ఎప్పట్నించో కోరిక. అక్కడే ఉంటున్న మా బావగారేమో చెట్లు చూడ్డానికి అంత దూరం దేనికి, విక్టోరియా మెమోరియల్ చాల్లే అంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు కూడా. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు, సామర్లకోట

జవాబు: మీరు వేరే ఊరి నించి రాసుంటే మీ ఇష్టం అనేవాణ్ణేమో గానీ, సామర్లకోట వాళ్లు వెళ్లకపోతే ఎలాగండీ! ఆ తోటని 1787లో రాబర్ట్ కిడ్ అనే ఆయన మొదలుపెట్టాడు, 1793లో దాని బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు పదేళ్లకి పైగా ఉన్నది మీ ఊళ్లోనే. ఈస్టిండియా కంపెనీ వాళ్ల డాక్టరు ఆయన, మిరియాలూ నీలిమందూ లాంటివి సామర్లకోటలో పెంచి చూసేవాడు, మన వాళ్లు ఏ చెట్టుని ఏమంటారో అడిగి రాసుకునేవాడు. సోమిద చెట్టు తెలుసుగా, దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా, అది మన తెలుగు పేరే. ఆయన ఉన్న ఇల్లు తోటలో ఇప్పటికీ ఉంది, మీ బావగారికి అది చూపించండి ముందు.

ఇంక మోకాళ్ల సంగతి. తోట సుమారు 270 ఎకరాలు, మొత్తం చూద్దాం అనుకోవద్దు. నేను ఒకసారి మే నెలలో రెండు గంటల్లో చుట్టేద్దామని వెళ్లి, బ్యాటరీ బండి దొరక్క, చేతిలో నీళ్ల బాటిల్ కూడా లేక, మర్రి దగ్గరికి చేరేసరికి చెట్టు మీద కన్నా కూర్చునే చోటు మీదే ధ్యాస. మీరు వెళ్లేది చలికాలం కాబట్టి ఆ బాధ లేదు. పొద్దున్నే వెళ్లి బ్యాటరీ బండి ఎక్కించండి, సోమవారం మాత్రం సెలవు. రాజమండ్రిలో కోరమండల్ ఎక్కితే దిగేది షాలిమార్లో కదా, అక్కణ్ణించి తోట దగ్గరే.

మర్రి తర్వాత ఒక్కటి వదలొద్దు, పిచ్చి చెట్టు. అక్కడి వాళ్లు పాగల్ గాఛ్ అంటారు, ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు దానికి. నేను నమ్మక కింద రాలినవి ఓ ఇరవై ఏరి సిమెంటు బెంచీ మీద వరసగా పెట్టి చూశా, ఒకటి చెంచాలా ఉంది, ఒకటి మేక సగం కొరికి వదిలేసినట్టుంది, ఇంకోటి మామూలు ఆకే కానీ ఒక పక్కకి ఒరిగిపోయింది, జత మాత్రం కుదర్లేదు.

ప్రశ్న: ఆ మర్రికి అసలు మొదలే లేదంటారు, మరి ఎలా బతికుందండీ?
– ఓ డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: నిజమే, లేదు. 1864లో ఒకటీ 1867లో ఒకటీ పెద్ద తుపాన్లు వచ్చి కొమ్మలు విరిగాయి, ఆ దెబ్బల్లోంచి బూజు తెగులు పట్టి మాను లోపల కుళ్లిపోతూ వచ్చింది, మిగతా చెట్టుకి పాకకుండా 1925లో మొదలుని కోసి తీసేశారు. అప్పటికే ఊడలు నేలలో దిగి వేళ్లు తన్ని చిన్న చిన్న మానుల్లా అయిపోయాయి, కొమ్మల బరువు మోసేదీ నీళ్లు అందించేదీ అవే. ఇప్పుడు మూడు వేల పైనే ఉన్నాయి. చెట్టు చుట్టూ 330 మీటర్ల రోడ్డు వేస్తే ఆ రోడ్డుని కూడా దాటి అవతలికి పాకింది. 2020లో అంఫాన్ తుపానుకి దెబ్బతిన్నా నిలబడింది. దూరం నించి చూస్తే చెట్టనిపించదు, చిన్న తోపు అనుకుంటారు.

ప్రశ్న: మన తిమ్మమ్మ మర్రిమాను పెద్దదా, అది పెద్దదా?
– ఓ పాఠకుడు, కదిరి

జవాబు: కదిరి వాళ్లు ఇది అడక్కుండా ఉంటారా! మీదే పెద్దదండీ, 1989లో గిన్నిస్ వాళ్లు రాసుకున్నది కూడా మీ చెట్టునే. ఆ లెక్కకేం గానీ సామర్లకోట ఆవిడతో మాత్రం అనకండి, పాపం టికెట్లు క్యాన్సిల్ చేసుకుంటారు.