పాత చర్చి రిజిస్టర్లు: ముందు ఫోటో, ఆ తర్వాతే బైండింగు

మీ ఊరి లూథరన్ సంఘానికి వందేళ్ళు దాటాయని, బాప్తిస్మపు, పెళ్ళి, సమాధుల రిజిస్టర్లు పాస్టరు గారింట్లో అటక మీద చెదలు పడుతున్నాయని రాశారు. వాటిని కాపాడటం ఎలా, ఫేస్‌బుక్ గ్రూపులో పెడితే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా పనికొస్తాయి కదా అని అడిగారు. నేను రిటైరైన తెలుగు టీచర్ని. పల్నాడులో మా సంఘం రిజిస్టర్లతో మూడేళ్ళు కుస్తీ పట్టాను. మేం చేసిన తప్పు దగ్గర్నుంచే మొదలుపెడతా.

అట్ట ఊడి, దారాలు తెగిన పుస్తకం ఒకదాన్ని మా సంఘపెద్ద ఒకాయన ఉత్సాహంగా టౌనుకి తీసుకెళ్ళి బైండింగుకి ఇచ్చొచ్చారు. వారం తిరిగేసరికి ఎర్ర కాలికో అట్టతో, పైన బంగారు రంగు అక్షరాలతో పెళ్ళికొడుకులా వచ్చింది. తీరా తెరిచి చూస్తే కటింగ్ మిషన్లో పెట్టి మూడు వైపులా అరంగుళం కోసేశారు. సంఘంలో బోధ చెప్పే పాత ఉపదేశులు చిన్న చిన్న అక్షరాలతో సంగతులు రాసుకున్నది ఆ అంచుల్లోనే. ఒకచోట "డ్యాము ప" అని మిగిలింది. నాగార్జునసాగర్ డ్యాము పనికి పోయారన్నమాట. 1955లో శంకుస్థాపన అయ్యాక మా వైపు అలా కదిలిన ఇళ్ళు ఉన్నాయి. ఆ కుటుంబం ఏ ఏడు వెళ్ళింది, తిరిగొచ్చిందా అన్న ముక్క షాపు చెత్తబుట్టలోకి పోయింది. షాపతన్ని ఏమనగలం? అంచు కొయ్యొద్దని చెప్పాల్సింది మేమే.

అందుకే ముందు ఫోటోలు తియ్యండి. అతికించడం, కుట్టించడం, లామినేషన్ అన్నీ తర్వాత. లామినేషన్ అయితే అసలు వద్దు. ఆ ప్లాస్టిక్ మళ్ళీ కాగితాన్ని వదలదు. సెలోటేపు కూడా అంతే, కొన్నేళ్ళకి పసుపు మరక మిగిల్చి ఊడిపోతుంది.

ఫోటోలకి స్కానరు కొననక్కర్లేదు. ఫ్లాట్‌బెడ్ స్కానరులో పుస్తకాన్ని బోర్లా వేసి నొక్కితే ఉన్న కుట్లు కూడా తెగుతాయి. మేం చర్చి కిటికీ పక్కన బల్ల వేసి, ఎండ నేరుగా పడకుండా తెల్ల పంచె అడ్డం కట్టి, ఫోన్‌ని స్టాండుకి బిగించి తీశాం. ఫ్లాష్ వేయొద్దు. పుస్తకం పూర్తిగా వెల్లకిలా పడకుండా రెండు అట్టల కింద మడిచిన దుప్పట్లు పెట్టండి. అట్ట, ఖాళీ పేజీలు, మధ్యలో దొరికే చీటీలు కూడా తియ్యాలి. మాకు ఒక రిజిస్టరు మధ్యలో కానుకల లెక్క చీటీ దొరికింది. కోతపండుగకి ఎవరు ఎన్ని మానికల జొన్నలు తెచ్చారో, ఎవరు కోడిపెట్ట తెచ్చారో అందులో ఉంది. ఆ పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ చీటీయే.

ఫైలు పేరులోనే పుస్తకం, సంవత్సరాలు, పేజీ నంబరు ఉండాలి. ఫోను ఇచ్చే నంబర్లతో వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత ఏ పేజీ ఏదో మీకే తెలీదు. మూడు చోట్ల దాచండి: ఒక హార్డ్ డిస్కు చర్చిలో, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో. పెన్‌డ్రైవుని నమ్ముకోవద్దు.

ఇక అసలు పుస్తకాలు. ఇనుప సిరాతో రాసిన పేజీలు మీ దగ్గర ఉండే ఉంటాయి. మొదట్లో నల్లగా ఉండి, పోను పోను తుప్పు రంగులోకి తిరిగి కాగితాన్ని తినేస్తుంది. మా దాంట్లో గట్టిగా నొక్కి రాసే ఉపదేశి ఒకాయన పేజీలన్నీ ముగ్గు గొట్టంలా చిల్లులు పడి, అక్షరం ఉండాల్సిన చోట అక్షరం ఆకారంలో కన్నమే ఉంది. అలాంటి పేజీకి తడి తగలనివ్వొద్దు, పదే పదే తిప్పొద్దు. అటక మీద నుంచి దింపి స్టీలు బీరువాలో పెట్టండి. బీరువా గోడకి ఆనకుండా, కింద ఇటుకలు ఉండాలి, చెదలు గోడ వెంటే వస్తాయి. పాత సర్కారు కచేరీల్లో దస్త్రాలు కట్టినట్టు ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మ నిలిచిపోతుంది. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినదే పెట్టండి. పచ్చి ఆకు పెట్టి మేం బూజు తెచ్చుకున్నాం. ఏం రాసినా పెన్సిల్‌తోనే.

ఇదంతా ఓపిక ఉంటే అయ్యే పని. కష్టం చదవడంలో ఉంది.

బాప్తిస్మపు రిజిస్టరులో పాత పేరు, కొత్త పేరు అని రెండు గడులు ఉంటాయి. పోలయ్య యోహాను అవుతాడు, గురవమ్మ మార్త అవుతుంది. చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, ఊరి పేరు, తండ్రి పేరు మాత్రమే. తెలుగు అంకెల్లో ౧౯౧౨ అని రాసి ఉంటే ఇప్పటి పిల్లలకి అది అంకె అనే తోచదు. మా పేజీలు పెద్దగా ప్రింటు తీసి ఎనభై ఆరేళ్ళ పెద్దమ్మ ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. కళ్ళజోడు తుడుచుకుని, వేలుతో ఒక్కో వరసా దిగుతూ ఒకచోట ఆగింది. "ఈ మార్త ఎవరనుకున్నావు, మా నాయనమ్మ చెల్లెలు. మార్తా అని ఒక్కరు పిలిస్తే ఒట్టు. చచ్చిందాకా గురవమ్మే" అంది. ఆ కుటుంబం వాళ్ళు ఎన్నేళ్ళుగానో గురవమ్మ కోసం సమాధుల రిజిస్టరులో వెతుకుతున్నారు. అక్కడ మార్త అని ఉంది మరి. మీ ఊళ్ళో ఎనభై దాటినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఈ వారమే లెక్కపెట్టుకోండి. చెదల కంటే అది తొందరపడాల్సిన సంగతి. వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, ఏ పేజీ గురించో మొదట్లోనే పలకండి.

ఇక ఫేస్‌బుక్ సంగతి. ఉన్నది ఉన్నట్టు పెట్టకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మన పాత రిజిస్టర్లలో కులం గడి ఉంటుంది, లేకపోయినా మాలపల్లె, మాదిగపల్లె అన్న మాటలుంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలో ఉన్నవాళ్ళకి ఎస్సీ హోదా లేదు. ఆ ఉత్తర్వులో సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి మారినవాళ్ళు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఒకరి బాప్తిస్మపు పేజీ బయటికొస్తే ఆ ఇంట్లో పిల్లల సీటు మీదో, ఉద్యోగం మీదో ఎవరైనా అర్జీ పెట్టొచ్చు. ఎవరు ఏ సర్టిఫికెట్టు మీద ఉన్నారన్నది తేల్చడం మన పని కాదు, ఆ తగువుకి మన పుస్తకం ఆయుధం కాకూడదు. పైగా దత్తతలు, తండ్రి పేరు రాయని పిల్లలు, సంఘం నుంచి వెలివేసిన సంగతులు అన్నీ ఆ పుస్తకాల్లోనే ఉంటాయి.

మేం సంఘం మీటింగులో పెట్టి చేసుకున్న ఏర్పాటు ఇది. వందేళ్ళు దాటిన పేజీలు చర్చిలో ఎవరైనా వచ్చి చూడొచ్చు. వందేళ్ళు నిండనివి ఆ కుటుంబం వాళ్ళు అడిగితే వాళ్ళ వరస ఒక్కటే ఫోటో తీసి ఇస్తాం. నెట్‌లో పెట్టింది మినిట్స్ పుస్తకం, పాత గ్రూపు ఫోటోలు, కానుకల చీటీ. పెళ్ళి రిజిస్టరు సంగతి వేరు. అది 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద నడిచే పుస్తకం. వెతికి నకలు ఇవ్వడానికి ఆ చట్టంలోనే దారి ఉంది, కాబట్టి అందులో పెన్సిల్ గీత కూడా వద్దు, గడప దాటనివ్వొద్దు.

మీ రిజిస్టర్లలో మొదటి కొన్నేళ్ళు దొరకలేదని కూడా రాశారు. మీ ఊరు ఏ మిషను కిందిదో ముందు కనుక్కోండి. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు, 1849లో గురజాల వెళ్ళారు. రాజమండ్రి వైపు పనిని 1845లో ఉత్తర జర్మనీ మిషనువాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత అది అమెరికా వాళ్ళ చేతికొచ్చింది. గుంటూరు, రాజమండ్రి చాలాకాలం వేర్వేరు అమెరికా సంఘాల కింద నడిచి, చివరికి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆ మిషను బోర్డుల కాగితాల కోసం ఇల్లినాయ్‌లోని ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉన్న అమెరికా లూథరన్ సంఘం ఆర్కైవ్స్‌కి ఈమెయిల్ రాసి చూడండి. మీది నాయుడుపేట, గూడూరు, తిరుపతి వైపైతే అది హెర్మన్స్‌బర్గ్ మిషను, ఉత్తరాలు జర్మన్‌లో ఉంటాయి. అయితే దొరలు రాసిన రిపోర్టుల్లో ఎక్కువగా కనబడేది ఈ ఏడు ఇంతమందికి బాప్తిస్మం అన్న లెక్కే. ఆ ఇంతమందిలో పోలయ్య ఎవరో, గురవమ్మ ఎవరో ఉన్నది మీ అటక మీదే.

చివరగా, మీ పాస్టరు గారికి ఈ ఏడు బదిలీ ఉందేమో అడగండి. పుస్తకాలు పోయేది ఎక్కువగా సామాను లారీకి ఎక్కించే రోజునే. ఆయన ఉండగానే ఎన్ని రిజిస్టర్లున్నాయి, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఎన్నెన్ని పేజీలు అని ఒక జాబితా రాసి, ఆయనా ఇద్దరు పెద్దలూ సంతకం పెట్టి, ఒక కాపీ బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. మాది ఇప్పటికీ అక్కడే ఉంది, పదకొండు పుస్తకాలు. కోసేసిన దాని ఎదురుగా "అంచులు లేవు" అని నేనే రాశాను.